హైదరాబాద్ నుంచి డాలస్‌కు: ఏ దారిన వెళితే మేలు, నిజంగా ఎన్ని గంటలు

శంషాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం అంటే సమాధానం ఒకటే. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే దాని పొడవు సుమారు 14,400 కిలోమీటర్లకు సమానం. ఎన్ని గంటల ప్రయాణం అంటే మాత్రం ఇరవై రెండు అనేవారూ ఉన్నారు, ముప్పై ఆరు అనేవారూ ఉన్నారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ పద్నాలుగు గంటల తేడా దూరంలో లేదు, మనం టికెట్ కొనేటప్పుడు ఎంచుకునే దారిలో ఉంది.

మా చెల్లెలు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. అమ్మానాన్నలను అక్కడికి నాలుగుసార్లు పంపించాం. ఒకసారి దుబాయ్ మీదుగా, ఒకసారి దోహా, ఒకసారి లండన్, ఒకసారి ఢిల్లీ నుంచి చికాగో దిగి. ప్రతిసారీ టికెట్లు చూసే పని నాదే. మొదటిసారి ధర ఒక్కటే చూశాను. రెండోసారి గంటలు చూశాను. ఆ తరువాత అమ్మ మోకాళ్లను చూడటం నేర్చుకున్నాను. డాలస్, ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల్లో పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, నాకు తెలిసింది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేరుగా ఎందుకు లేదు

హైదరాబాద్, డాలస్ ఇంచుమించు భూగోళానికి అటొకటి, ఇటొకటి. రెండింటి రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైనే. అందుకే అతి దగ్గర దారి పడమటికీ కాదు, తూర్పుకూ కాదు, దాదాపు నిటారుగా ఉత్తరానికి వెళుతుంది. ఆ గీత ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా సాగి, కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. గోడ మీది పటంలో చూస్తే ఇది నమ్మబుద్ధి కాదు. గ్లోబు తిప్పి చూస్తే వెంటనే తెలుస్తుంది.

అంత దూరం ఎగరగల విమానాలు లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు సుమారు 14,500 కిలోమీటర్లు. 2018 నుంచి ఆ దారిలో ఆగకుండా వెళ్లే సర్వీసు ఉంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 కిలోమీటర్లు దాటుతుంది, దాదాపు పంతొమ్మిది గంటలు పడుతుంది. మన దగ్గర కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు ఆగకుండా వెళ్లే విమానం మొదలుపెట్టింది. సుమారు 13,300 కిలోమీటర్లు. అది తరువాత ఆగిపోయింది. ఆ సర్వీసు మొదలైన రోజుల్లో మా ఇంట్లో పండగ వాతావరణం ఉండేది. నాన్న పటం ముందు కూర్చుని వేలితో దారి గీసి చూపించేవారు. ఇప్పటికి హైదరాబాద్ నుంచి అమెరికాలో ఎక్కడికి వెళ్లాలన్నా మధ్యలో ఒకచోట దిగక తప్పదు. ప్రశ్నల్లా ఎక్కడ దిగాలన్నదే.

ఒక మాట ఇక్కడే. టికెట్ల సైట్లలో నాన్‌స్టాప్, డైరెక్ట్ అనే రెండు మాటలు కనబడతాయి. నాన్‌స్టాప్ అంటే ఎక్కడా ఆగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు మారదు, మధ్యలో దిగి మళ్లీ ఎగరవచ్చు. పెద్దవాళ్లను పంపేటప్పుడు ఈ తేడా చూసుకోకపోతే ఇబ్బంది పడతాం.

కిలోమీటర్లు పక్కపక్కన పెడితే

గల్ఫ్ దారిలో హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550, దుబాయ్–డాలస్ సుమారు 12,900. మొత్తం 15,450 కిలోమీటర్ల చిల్లర. దోహా మీదుగా అయితే 2,900, 12,750 కలిపి సుమారు 15,650. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి సుమారు 15,400. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,100, 8,250 కలిపి అదీ దాదాపు 15,350. ఢిల్లీ, చికాగోల మీదుగా లెక్కిస్తే 1,270, 12,000, 1,290 కలిపి 14,550 దగ్గర ఆగుతుంది. హాంకాంగ్ మీదుగా 3,750, 13,050 కలిపి 16,800.

ఈ అంకెలను ఒక్క నిమిషం చూడండి. పెద్ద విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల మధ్య తేడా అంతా కలిపి మూడు వందల కిలోమీటర్లు, అంటే ఇరవై నిమిషాలు. కిలోమీటర్లలో అన్నిటికంటే దగ్గరైన ఢిల్లీ–చికాగో దారిలో రెండుసార్లు విమానం మారాలి. గాలిలో ఆదా అయిన గంట నేల మీద మూడు గంటలై పోతుంది. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోవడం ఈ ప్రయాణంలో అర్థం లేని పని. ఎగిరే సమయం ఏ దారిన వెళ్లినా ఇరవై, ఇరవై ఒక్క గంటల దగ్గరే తేలుతుంది.

మరి ముప్పై ఆరు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? మధ్యలో కూర్చున్న విరామం నుంచి. రాత్రి పదకొండు గంటలు బెంచీ మీద గడిపించే టికెట్, మూడు గంటలు ఆపే టికెట్ ఒకే పేజీలో, ఒకే దారిలో, పైన ఒకటి కింద ఒకటి ఉంటాయి. చవకది పైన ఉంటుంది.

టికెట్ మీద ఉన్న వేళలతో గంటలు లెక్కించడం

చాలామంది ఇక్కడే పొరబడతారు. టికెట్ మీద రాసేవి రెండూ స్థానిక వేళలు. మనకూ డాలస్‌కూ మధ్య చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. అమెరికాలో గడియారం ముందుకు జరిపే రోజుల్లో, అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా, పదిన్నర గంటలు.

ఉదాహరణకు జూన్‌లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయలుదేరి, అదే రోజు సాయంత్రం 4:00 గంటలకు డాలస్ చేరుతుందని టికెట్ మీద ఉందనుకుందాం. చూడటానికి 11 గంటల 40 నిమిషాలు. దానికి పదిన్నర కలపండి. అసలు ప్రయాణం 22 గంటల 10 నిమిషాలు. అదే వేళలు జనవరి టికెట్ మీద ఉంటే పదకొండున్నర కలపాలి, 23 గంటల 10 నిమిషాలు అవుతుంది.

వచ్చేటప్పుడు తీసివేయాలి. జూన్‌లోనే డాలస్‌లో సోమవారం మధ్యాహ్నం 12కు ఎక్కి, బుధవారం తెల్లవారుజామున 3కు శంషాబాద్‌లో దిగితే గడియారం మీద 39 గంటలు. పదిన్నర తీసేస్తే 28 గంటల 30 నిమిషాలు. ఇరవై ఎనిమిదిన్నర అంటే మధ్యలో ఎక్కడో ఎనిమిది గంటలు అదనంగా కూర్చోబెడుతున్నారని అర్థం. ఈ చిన్న లెక్క కాగితం మీద వేసుకుంటే టికెట్ బాగోగులు అక్కడే తేలిపోతాయి.

వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఎగిరే సమయం కూడా సమానంగా ఉండదు. పైన ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. దుబాయ్ నుంచి డాలస్‌కు దాదాపు పదహారు గంటలు పడితే, తిరుగు ప్రయాణం పదిహేను గంటల లోపే ముగుస్తుంది. శీతాకాలంలో ఆ గాలులు మరీ బలంగా ఉంటాయి.

గల్ఫ్ దారి

మన వాళ్లలో ఎక్కువమందికి అలవాటైన దారి ఇది. ముందు నాలుగు గంటల చిన్న ప్రయాణం, తరువాత పదహారు గంటల పెద్ద ప్రయాణం. ఆ రెండో విమానం నేరుగా డాలస్‌లోనే దిగుతుంది. అంటే మారడం ఒక్కసారే. లగేజీ శంషాబాద్‌లో ఇస్తే డాలస్‌లోనే తీసుకోవడం. ఇమిగ్రేషన్ కూడా డాలస్‌లోనే, టెర్మినల్ డి లో. బయటికి రాగానే పిల్లలు ఎదురుగా నిలబడి ఉంటారు. డెబ్బై ఏళ్ల మనిషికి ఈ చివరి సౌకర్యం విలువ ఎంతో అనుభవిస్తేనే తెలుస్తుంది.

భాష విషయంలోనూ ఈ దారి మన వాళ్లకు దయగలది. ఒకసారి ఒక గల్ఫ్ విమానాశ్రయంలో అమ్మను వీల్‌చైర్‌లో తీసుకొచ్చిన మనిషి ఒక హాల్లో కూర్చోబెట్టి, వేరొకరు వస్తారని చెప్పి వెళ్లిపోయాడు. నలభై నిమిషాలు ఎవరూ రాలేదు. నాన్న బాత్‌రూమ్‌కు వెళ్లి దారి తప్పారు. అమ్మ చేతిలో బోర్డింగ్ పాస్ పట్టుకుని వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంది. నేల తుడుస్తున్న ఒక కుర్రవాడు ఆమె చీర చూసి ఆగి, "ఎక్కడికి వెళ్లాలమ్మా?" అని తెలుగులో అడిగాడట. అతనిది కరీంనగర్ దగ్గర పల్లె. చేతిలోని కర్ర గోడకు ఆనించి, అధికారిని పిలుచుకొచ్చి, నాన్నను వెతికించి, గేటు దాకా వెంట నడిచాడు. ఆ ఊళ్లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ మనుషుల గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వీల్‌చైర్ అడిగాం కదా అని నిశ్చింతగా ఉండకూడదని నేను ఆ రోజు నేర్చుకున్నాను. విరామం మరీ తక్కువగా ఉండి ఉంటే ఆ విమానం పోయేది.

ఈ దారిలో కష్టం పదహారు గంటలు ఒకే సీటు. కాళ్లు వాస్తాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎంతసేపు కదలకుండా కూర్చుంటే అంత పెరుగుతుంది. మధుమేహం, గుండెజబ్బు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును ముందే అడిగి, అవసరమైతే బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. నడవ పక్క సీటు తప్పనిసరి. నా సలహా మధ్య వరుసలో నడవ పక్క సీటు తీసుకోమని. కిటికీ వైపు వరుసలో నడవ పక్కన కూర్చుంటే లోపలి ఇద్దరూ లేచినప్పుడల్లా లేవాలి. మధ్య వరుసలో అయితే వాళ్లకు అటువైపు నుంచి కూడా దారి ఉంటుంది.

ఇక అబూధాబీ. ఇది డాలస్‌కు నేరుగా చేర్చదు కానీ చికాగో, న్యూయార్క్ వెళ్లేవాళ్లు గమనించదగిన దారి. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ పూర్తి చేస్తున్నారు. అమెరికాలో దిగాక దేశంలోపలి ప్రయాణికుల్లా బయటికి నడిచి రావచ్చు. చికాగో నుంచి డాలస్‌కు మరో విమానం అందుకోవాల్సినవాళ్లకు అది పెద్ద ఊరట. అయితే ఆ తనిఖీకి సమయం పడుతుంది కాబట్టి అబూధాబీలో కనీసం మూడు గంటలైనా ఉండేలా చూసుకోండి.

ఐరోపా దారి

లండన్ అయినా ఫ్రాంక్‌ఫర్ట్ అయినా ప్రయాణం దాదాపు సగానికి సగం విరుగుతుంది. పది గంటలు, దిగి నడవడం, మళ్లీ పది, పదకొండు గంటలు. హైదరాబాద్ నుంచి లండన్‌కు ఎప్పటి నుంచో సర్వీసు ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరిలో మొదలైంది. రెండు చోట్ల నుంచీ డాలస్‌కు నేరుగా విమానాలు ఉన్నాయి. పదహారు గంటలు కూర్చోలేని వాళ్లకు, నడుము నొప్పి ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు నేను ఈ దారే చెబుతాను. పిల్లల విషయంలో ఇది మరీ నిజం. పది గంటల తరువాత ఒకసారి పరుగెత్తనిస్తే రెండో విమానంలో నిద్రపోతారు.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది వీసా. చెల్లుబాటయ్యే అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే, బయటికి వెళ్లకుండా విమానం మారడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. చిక్కంతా తిరుగు ప్రయాణంలో, ముఖ్యంగా ఉద్యోగాలు చేసుకునే పిల్లలకు వస్తుంది. పాస్‌పోర్టులోని వీసా గడువు ముగిసి, అమెరికాలో ఉండేందుకు అనుమతి కాగితం మాత్రమే ఉన్నవాళ్లను ట్రాన్సిట్ వీసా లేదని విమానం ఎక్కనివ్వని సందర్భాలు ఉన్నాయి. ఈ నియమాలు మారుతుంటాయి. టికెట్ కొనే రోజునే ఆ దేశపు అధికారిక సైటులో చూసుకోవాలి, స్నేహితుడు నిరుడు వెళ్లాడన్నది ఆధారం కాదు. గల్ఫ్ విమానాశ్రయాల్లో లోపలే ఉండి విమానం మారేవాళ్లకు ఈ బాధ లేదు.

ఐరోపా దారిలో ఒక లాభం కూడా ఉంది. ఐరోపా యూనియన్ 2004లో చేసిన 261వ నంబరు నియమం ప్రకారం, అక్కడి నుంచి బయలుదేరే విమానం సంస్థ తప్పు వల్ల మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరితే ప్రయాణికులకు పరిహారం అడిగే హక్కు ఉంది. దూర ప్రయాణాల్లో అది 600 యూరోల దాకా ఉంటుంది. బ్రిటన్‌లోనూ ఇలాంటి నియమమే ఉంది. బోర్డింగ్ పాస్‌లు పారేయకండి.

ఢిల్లీ, తరువాత చికాగో

మనసుకు ఇది మన దారి. మన విమానం, మన తిండి, మన హిందీ. ఢిల్లీ నుంచి అమెరికా గడ్డ దాకా ఆగకుండా వెళ్లవచ్చన్న ఆలోచన పెద్దవాళ్లకు ధైర్యాన్నిస్తుంది. ఢిల్లీలో ఏదైనా తేడా వచ్చినా ఇంటికి తిరిగి రాగలం అంటారు నాన్న.

అయినా డాలస్‌కు నేను దీన్ని చివరికే పెడతాను. మొదటి కారణం, అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేయాలి. అంటే చికాగోలో పదహారు గంటల తరువాత దిగి, పెట్టెలన్నీ బెల్టు మీద నుంచి లాగి, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించి, రైలెక్కి వేరే టెర్మినల్‌కు వెళ్లాలి. ఇరవై మూడు కిలోల పెట్టెలు నాలుగు. నాన్న ఆ బెల్టు దగ్గర పడ్డ అవస్థ విన్నాక ఇక ఆ దారి వద్దనుకున్నాం.

రెండో కారణం ఆకాశం. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది, ఆ గడువును పొడిగిస్తూ వచ్చింది. దాంతో ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు దక్షిణంగా చుట్టు తిరగాల్సి వచ్చింది. ఉత్తర అమెరికా సర్వీసులు కొన్ని వియన్నా, కోపెన్‌హాగన్ వంటి చోట్ల ఇంధనం కోసం దిగాయి. ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు 2025 సెప్టెంబరు నుంచి ఆగిపోయింది. నాన్‌స్టాప్ అని కొన్న టికెట్ నాన్‌స్టాప్‌గానే ఉంటుందో లేదో బయలుదేరే వారం మళ్లీ చూసుకోవాలి.

డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు సంగతి అందరికీ తెలిసిందే. హైదరాబాద్ నుంచి వెళ్లే విమానం ఏ టెర్మినల్‌లో దిగుతుందో కూడా చూడండి. విదేశీ విమానాలు మూడో టెర్మినల్ నుంచి వెళతాయి. ఒకటో టెర్మినల్‌లో దిగితే రోడ్డు మీద ప్రయాణం చేసి రావాలి.

న్యూయార్క్, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల్లోనే పిల్లలుంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు అక్కడే దిగి ఇంటికి వెళ్లడమే కదా.

తూర్పు దారి

హాంకాంగ్ నుంచి డాలస్‌కు 2025 ఏప్రిల్‌లో నేరు విమానం మొదలైంది. కిలోమీటర్లలో ఇది అన్నిటికంటే పొడవు. అయినా వెళ్లేటప్పుడు గాలి వాటం కలిసొస్తుంది కాబట్టి గంటల్లో అంత తేడా కనబడదు. వచ్చేటప్పుడు ఆ గాలే ఎదురవుతుంది. డాలస్‌కు దీన్ని ధర బాగా తగ్గితే తప్ప ఎంచుకోనక్కరలేదు.

కానీ శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లేవాళ్లు ఇది తప్పక చూడాలి. దుబాయ్ మీదుగా అక్కడికి 15,550 కిలోమీటర్ల దాకా అవుతుంది. హాంకాంగ్ మీదుగా 14,900 దాటదు. అమెరికా పడమటి తీరానికి మనకు తూర్పు దారే దగ్గర. ఈ సంగతి తెలియక బే ఏరియాకు వెళ్లే వాళ్లు కూడా అలవాటుగా గల్ఫ్ టికెట్లే కొంటుంటారు.

ఏ దారిలోనైనా ఆగిపోయే రోజులు

ఒక దారి భద్రం, మరొకటి ప్రమాదం అని చుట్టాలు చెప్పే మాటలకు విలువివ్వకండి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కుండపోత వాన కురిసి విమానాశ్రయం స్తంభించింది. 2025 మార్చి 21న దగ్గరి విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటలు రేగి లండన్‌లోని హీత్రో విమానాశ్రయం మూతపడింది. 2025 జూన్ 23న దోహా గగనతలం గంటల పాటు మూసేయడంతో విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. 2022 ఫిబ్రవరి నుంచి ఐరోపా సంస్థల విమానాలకు రష్యా ఆకాశం లేదు. ఎవరైనా, ఎక్కడైనా చిక్కుకోవచ్చు. గల్ఫ్‌లో ఉద్రిక్తత ఉన్న వారాల్లో మాత్రం ఆ దారి టికెట్ కొనేముందు వార్తలు చూడటం, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోవడం మంచిది.

చిక్కుకున్న రోజున మనను కాపాడేది ఒక్కటే: మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద, ఒకే పి.ఎన్.ఆర్. నంబరుతో ఉండటం. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే, తరువాతి విమానంలో చోటు ఇవ్వడం సంస్థ బాధ్యత. పదిహేను వేలు మిగులుతాయని హైదరాబాద్–దుబాయ్ ఒకచోట, దుబాయ్–డాలస్ ఇంకోచోట కొన్నవాళ్లు ఆ రోజు కొత్త టికెట్ పూర్తి ధరకు కొనాల్సి వస్తుంది. లగేజీ కూడా మధ్యలో తీసుకోవాలంటారు, దానికి ఆ దేశపు వీసా కావాలంటారు. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లేటప్పుడు విడివిడి టికెట్లు కొనడాన్ని నేను అస్సలు ఒప్పుకోను.

విరామం ఎంత ఉండాలి

ఆరోగ్యంగా ఉన్న యువకుడికి రెండు గంటలు చాలు. వీల్‌చైర్ అవసరమైన పెద్దవాళ్లకు మూడు నుంచి నాలుగున్నర గంటలు సరైన విరామం. గంటన్నర విరామంతో టికెట్ అమ్ముతారు, నియమం ప్రకారం అది చెల్లుతుంది కూడా. కానీ మొదటి విమానం అరగంట ఆలస్యమైతే, వీల్‌చైర్ వచ్చేసరికి మరో అరగంట పోతే, మిగిలింది అరగంట. ఎనిమిది గంటలు దాటిన విరామాలు పెద్దవాళ్లకు వద్దు. తప్పనిసరైతే విమానాశ్రయం లోపలే ఉన్న హోటల్ గది ముందుగా తీసుకోండి. నాలుగైదు గంటలు నడుము వాల్చడానికి పెట్టే డబ్బు, ఆ చవక టికెట్‌లో మిగిలిన డబ్బులోంచే వస్తుంది.

విజయవాడ, గుంటూరు, ఖమ్మం నుంచి వచ్చేవాళ్లు తమ ఇంటి నుంచే గంటలు లెక్కపెట్టుకోవాలి. విజయవాడ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద ఐదారు గంటలు, విమానానికి మూడు నాలుగు గంటల ముందు చేరడం, అటు డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుస, ఫ్రిస్కోకు ముప్పావు గంట కారు. ఇరవై రెండు గంటల టికెట్ గడప నుంచి గడపకు ముప్పై మూడు అవుతుంది. తెల్లవారుజాము విమానమైతే ముందురోజు మధ్యాహ్నమే హైదరాబాద్ చేరి ఎవరింట్లోనైనా భోంచేసి పడుకోవడం మేలు. రాత్రంతా కారులో కూర్చుని వచ్చి పదహారు గంటల విమానం ఎక్కితే ఏ వయసు వారికైనా ఒళ్లు హూనమవుతుంది.

ఈసారి ఏం చేశాం

అమ్మకు ఇప్పుడు డెబ్బై ఒకటి, నాన్నకు డెబ్బై ఆరు. చెల్లెలు లండన్ దారి అంది, రెండు ముక్కలవుతుంది కదా అని. అమ్మ మాత్రం ఫోనులో, "నాన్నా, ఎంతసేపైనా కూర్చుంటాను గానీ, తెలుగు వినబడని చోట నన్ను దింపకు" అంది. ఆ మాటతో లెక్క తేలిపోయింది. గల్ఫ్ దారిలో, ఒకే టికెట్ మీద, మూడు గంటల నలభై నిమిషాల విరామంతో, మధ్య వరుసలో నడవ పక్క సీట్లు రెండు, అడ్డంగా పక్కపక్కనే పడేలా కాకుండా ఒకరి వెనక ఒకరు పడేలా తీసుకున్నాను. ఇద్దరికీ లేచే స్వేచ్ఛ ఉంటుంది. భోజనం ఏషియన్ వెజిటేరియన్ అని ముందే నమోదు చేయించాను. లేకపోతే పాస్తా వస్తుంది.

ఒక అట్టముక్క మీద, అమ్మ చదవగలిగేంత పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. పైన రెండో విమానం నంబరు, బయలుదేరే స్థానిక వేళ, గేటు కోసం ఖాళీ గడి. దాని కింద, "బోర్డు మీద చూసి గేటు ఇందులో రాయించుకోవాలి." ఆ కింద చెల్లెలి ఫోను నంబరు, ఫ్రిస్కో చిరునామా, మాత్రలు వేసుకోవలసిన వేళలు హైదరాబాద్ గడియారం ప్రకారం. వెనకవైపు అవే వివరాలు ఇంగ్లిషులో, ఎవరికైనా చూపించడానికి. అట్టకు చిల్లు పెట్టి దారం కట్టి ఇచ్చాను. అమ్మ దాన్ని మెడలో వేసుకుని, చీర కొంగు కిందికి దోపుకుని చూసుకుంది. పాస్‌పోర్టు సంచి కంటే అదే ముందు సర్దింది.